అటు తిరిగి కూర్చున్న బాపు

మా బాపు రోజూ రెండు పూటలా మా అమ్మ చీర కట్టుకునేవాడు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. ఛత్రినాకలో మా గల్లీ అంతా నవ్వింది, మీరు కొత్తగా నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

కుచ్చిళ్లు గిచ్చిళ్లు ఏమీ ఉండవు. లుంగీ మీద, డిపోలో వేసుకునే ఖాకీ చొక్కా మీద నడుముకు రెండు చుట్లు తిప్పి, మిగిలిన చెంగును తల మీదుగా లాక్కునేవాడు. వంకాయరంగు నారాయణపేట చీర అది. అమ్మ పాలు పిండేటప్పుడు కట్టుకునేది. గుబురు మీసాల గుండయ్య ఆ చీరలో బకెట్ పట్టుకొని బర్రె కింద గొంతుక్కూర్చుంటే, గోడ అవతలి నుంచి పోరగాళ్లు "ఏం వదినా, పాలు పిండుడు అయిందా?" అని కేకలు పెట్టేవాళ్లు. నేను పేడ ముద్ద తీసుకొని గోడ మీదుగా విసిరేదాన్ని. బాపు మాత్రం తల ఎత్తేవాడు కాదు.

ఇదంతా బర్రె కోసం. అమ్మ పేరు మాణిక్యమ్మ. ఆ ఏడు ఆషాఢంలో, బోనాలకు ముందు, కామెర్లతో పోయింది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న మా బర్రె పేరు చుక్క. ఈనిన నాటి నుంచి దాని పొదుగు మీద అమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. అమ్మ పోయిన మర్నాడే అది పాలు బిగబట్టేసింది. బర్రెకు పాలు పొదుగులో ఉంటే చాలదు, దాని మనసు కుదిరి కిందికి దించాలి. దాన్నే చేపడం అంటారు. చుక్క దూడకైతే చేపేది. దూడను లాగి బాపు కూర్చోగానే రాయిలా నిలబడిపోయేది. బాపు ఆర్టీసీ డిపోలో బస్సులు బాగుచేసేవాడు. ఎంత రుద్ది కడిగినా ఆ చేతులకు గ్రీజు వాసన పోదు. నేను కూర్చుంటే కాలు ఎత్తి తన్నింది, ఆ మచ్చ మోకాలి మీద ఇంకా ఉంది.

ఇక సలహాలకు కొదవేముంది? పక్కింటి లీలమ్మత్త అమ్మ ఆత్మ బర్రెను పట్టుకుందన్నది. పశువుల దవాఖాన డాక్టరు సూది వేస్తే చేపుతుందని వేసి చూపించాడు, నిజంగానే చేపింది కూడా. కానీ రోజూ సూదులు పొడుస్తామా? చివరికి గడ్డి మోపులు తెచ్చే మహబూబ్ భాయ్ చెప్పాడు.

"జాన్వర్ ముక్కుతోని చూస్తది గుండయ్యా. మేక జూడు, మందల వంద పిల్లలున్నా వాసన జూసే తన పిల్లను గుర్తువడ్తది. వేరే పిల్లను దగ్గరికి రానియ్యది. నీ దిక్కు జూస్తే దానికి డీజిల్ ఇంజన్ కనవడ్తుంది. భాభీ చీర కట్టుకొని కూసో."

"మొగోన్ని, చీర కట్టాల్నా?" అన్నాడు బాపు.

"పాలు గావాల్నా, ఇజ్జత్ గావాల్నా?"

ఆ సాయంత్రమే బాపు దండెం మీది చీర తీశాడు. అమ్మ పోయాక మొదటిసారి నేను చుక్క ముందు తవుడు తొట్టి పట్టుకొని నిలబడ్డాను. అమ్మ పిండుతున్నప్పుడు దాన్ని బుజ్జగించడం నాకు అలవాటే. "దా తల్లీ, తిను తిను, మా చుక్కమ్మ గాదూ" అంటూ దాని మెడ గోకాను. అది చెవులు కదిలించింది. వెనక్కి తిరిగి చీరను వాసన చూసింది. కాసేపటికి బకెట్‌లో పాలధార చప్పుడైంది. మహబూబ్ భాయ్ మర్నాటి నుంచి గల్లీలో పెద్ద పశువైద్యుడై కూర్చున్నాడు.

అప్పటి నుంచి ఆ చీరను ఉతకకూడదు. ఎండలో వేయకూడదు. లీలమ్మత్త ఓసారి జాలిపడి నానబెట్టబోతే బాపు అరిచి ఆమె చేతిలోంచి గుంజుకున్నాడు. అంత మెత్తని మనిషి ఆడమనిషి మీద అరవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇంటి సంగతి ఇలా ఉంటే, నా సంగతి ఇంకోటి ఉంది. అమ్మ పోయిన దగ్గర నుంచి బాపు నా ముఖం చూసి మాట్లాడటం మానేశాడు. మాట్లాడడని అనను. అడిగితే జవాబిస్తాడు. కానీ నేను నోరు తెరవగానే అటు తిరుగుతాడు. "బాపూ, అన్నం పెట్టిన" అంటే వాకిలి వైపు తిరిగి "ఊఁ" అంటాడు. "ఉప్పు సరిపోయిందా?" అంటే గోడకు చెబుతాడు. నేను పంతం పట్టి ఎదురుగా వెళ్లి కూర్చుంటే కళ్లు మూసుకుంటాడు. ఇల్లంటే ఇద్దరమే మిగిలాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోతే ఇంట్లో ఎవరున్నట్టు?

నా ముఖంలో అమ్మ ఉందా అంటే అదీ లేదు. అందరూ నాది అచ్చం మా నాయనమ్మ ముక్కు, నాయనమ్మ నుదురు అనేవాళ్లు. అమ్మ పోలిక ఒక్కటీ రాలేదని అమ్మే దెప్పేది. మరి నన్ను చూడటానికి ఆయనకేం కష్టమో నాకు అర్థమయ్యేది కాదు. నేను చేసిన తప్పేంటో వెతికి వెతికి విసిగిపోయాను. లీలమ్మత్తను అడిగితే "మొగోళ్లు గంతే బిడ్డా, దుక్కం గిట్లనే జేస్తది" అని తేల్చేసింది. నాకు దుఃఖం లేదా? నేను ఎవరి వైపు తిరగాలి?

ఒక మాట చెప్పనా? అమ్మ ముఖానికి స్టూడియోలో తీయించిన ఫోటో ఉంది. గొంతుకు ఏముంది? చలికాలం వచ్చేసరికి ఆ గొంతు నా చెవుల్లోంచి జారిపోయింది. ఆమె తిట్లన్నీ నాకు కంఠతా వచ్చు. "ఏమే ఆండాలూ, కాళ్లకు మెహందీ పెట్టుకున్నవా, కదుల్తలేవు" అనేది. మాటలన్నీ ఉన్నాయి, కానీ తలుచుకుంటే అవి నా గొంతులోనే వినిపించేవి. కళ్లు మూసుకొని ఎంత గింజుకున్నా ఆమె పలికినట్టు వినపడేది కాదు. అది తెలిసిన రోజు అమ్మ ఇంకోసారి పోయినట్టనిపించి, తవుడు బస్తా మీద కూర్చొని ఏడ్చాను.

కార్తీకంలో నాకు గొంతు పట్టేసింది. గాలి తప్ప మాట బయటికి రాలేదు. అదే వారం చుక్క మళ్లీ మొండికేసింది. బాపు చీర కట్టుకున్నా, చెంగు దాని మూతి ముందు ఆడించినా చేపలేదు. చీరలో వాసన అయిపోయిందని గల్లీ అంతా తీర్పు చెప్పింది. బాపు చెంగు ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు ఉండిపోయి, "ఇంకా ఉన్నది" అన్నాడు గోడతో. నా గొంతు బాగయ్యాక చుక్క కూడా బాగైంది. దానికీ నాలాగే పడిశం పట్టిందేమో అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

మా పాలు హుస్సేనీ ఆలంలో ఖైసర్ బేగం ఇంటికి వెళ్లేవి. అమ్మ ఆమెను అక్కలా ఆపా అనేది, నేను పెద్దమ్మలా ఖాలా అంటాను. ఆమె భర్త దుబాయ్‌లో ఉండేవాడు. ఆ రోజుల్లో దుబాయ్ వెళ్లినవాళ్ల ఇళ్లకు మొదట వచ్చేది టేప్ రికార్డరే. ఉత్తరాల బదులు క్యాసెట్లు పంపుకునేవాళ్లు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని పెళ్లిళ్ల కబుర్లు, కందిపప్పు ధరలు, కోళ్ల అరుపులు అన్నీ అందులో పోసి పంపేవాళ్లు. ఖాలా తమ్ముడు ఇషాక్ రేడియోలు బాగుచేస్తాడు. ఆ పెట్టె మీద చెయ్యి వేసే అధికారం ఆ ఇంట్లో అతనొక్కడిదే.

ఒకరోజు పొద్దున శాలిబండ ఎక్కి దిగి, పాలక్యాను పట్టుకొని వాళ్ల గుమ్మంలోకి అడుగుపెట్టాను. లోపల క్యాసెట్ తిరుగుతోంది. దుబాయ్ పంపే ముందు ఒకసారి వింటున్నట్టున్నారు. ఖాలా గొంతు భర్తకు ఏదో మోకాళ్ల నొప్పుల గురించి చెబుతోంది. ఆ మాటల వెనక, దూరంగా, గుమ్మం దగ్గరి నుంచి ఒక పిలుపు వినిపించింది.

"పాలో... గిన్నె తెండ్రి, జల్దీ!"

అమ్మ.

క్యాను నా చేతిలోంచి జారి గడప మీద పడింది. పాలు కాళ్ల మీదుగా పారుతున్నాయి. నేను పరదా తోసుకొని లోపలికి వెళ్లి ఆ పెట్టె ముందు కూలబడ్డాను.

"ఖాలా! ఇందుల మా అమ్మ ఉన్నది! ఎప్పుడు వట్టిన్రు ఇది? మల్లొక్కసారి పెట్టుండ్రి. ఇంకేమన్న మాట్లాడిందా? ఇంకేమన్నదో ఇనవెట్టుండ్రి!"

ఖాలా నా వైపు వింతగా చూసింది. ఇషాక్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే పిలుపు. ఆ "జల్దీ" దగ్గర కాస్త విరిచినట్టు పలకడం, అందులో పొద్దుటి చిరాకు, అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను పోగొట్టుకున్న గొంతు అదే. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

"ఆండాలూ," ఖాలా మెల్లగా నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇది నిన్నటిది బేటీ."

"నిన్న మా అమ్మ ఎట్లొస్తది?" కోపం వచ్చేసింది నాకు. "మీకు యాదికి లేదు. పాతది, మా అమ్మ ఉన్నప్పటిది."

"నిన్న నువ్వు పాలు దెచ్చినప్పుడు మేం రికార్డు జేస్తున్నం. అది నువ్వే."

నేను ఒప్పుకోలేదు. ఇషాక్ మీట నొక్కి, "ఏమన్న మాట్లాడు" అన్నాడు. "ఏం మాట్లాడాలె? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నరా మీరందరు?" అన్నాను. అతను తిప్పి వినిపించాడు. పెట్టెలోంచి మా అమ్మ, బతికున్నప్పుడు ఎన్నడూ అనని మాట అన్నది. "ఏం మాట్లాడాలె? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నరా మీరందరు?"

అతను పెట్టె ఆపాడు.

"అందరికి గిట్లనే అయితది," అన్నాడు ఇషాక్. "మన గొంతు మనకు గాలిలకెల్లి ఒక్కటే రాదు, బొక్కలకెల్లి, అంటే ఎముకలకెల్లి గూడ లోపల్నే ఇనవడ్తది. అందుకే మనకు బరువుగ ఇనవడ్తది. ఎదుటోనికి గాలిలది ఒక్కటే పోతది. చెవులు మూసుకొని మాట్లాడి జూడు, ఆ లోపలిది తెలుస్తది."

చెవులు మూసుకొని "అమ్మా" అన్నాను. తలలో ఎక్కడో గుయ్యిమంది. ఆ గొంతు నాదే, ఆమెది కాదు.

"మాకు రోజూ ఇనవడ్తది," అన్నది ఖాలా కళ్లు ఒత్తుకుంటూ. "నువ్వు దర్వాజ కాడ పిలిస్తే దిల్ ధక్కుమంటది. మాణిక్యమ్మ వచ్చిందనుకొని లేస్త. పర్దా తీస్తే నువ్వుంటవు."

ఆమె అభిమానంతోనే అన్నది. నాకు మాత్రం చురుక్కుమంది. పర్దా తీస్తే నేనుంటానట! అక్కడ నేను ఉండటం ఏదో కొరత అయినట్టు.

ఇంటికి వస్తూ దారిలో నేను చేసిన పిచ్చి పనులు ఎవరైనా చూస్తే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపేవాళ్లు. చెవుల వెనక దొప్పలా చేతులు పెట్టుకొని మాట్లాడాను. ఖాళీ క్యాను మూత తీసి లోపలికి "ఏమే ఆండాలూ" అన్నాను. శాలిబండ దిగాక ఒక పెద్ద గోడ ఎదురుగా నిలబడి, మాట తిరిగొస్తుందేమోనని పిలిచాను. ఎక్కడా దొరకలేదు. నా నోట్లోంచి బయటికి వెళ్లేదాకా అది నా గొంతు. బయటికి వెళ్లాక అమ్మ గొంతై పక్కవాళ్ల దగ్గరికి పోతుంది. వినాలని అందరికంటే ఎక్కువగా ఉన్నదాన్ని నేనే కదా? దేవుడు ఈ చెవులను ఇట్లా ఎందుకు పెట్టాడో ఎవరినైనా నిలదీయాలనిపించింది.

ఇల్లు చేరేలోగా కార్తీకంలో నా గొంతు పట్టేసిన వారం గుర్తొచ్చింది.

సాయంత్రం బాపు చీర చుట్టుకొని చుక్క కింద కూర్చున్నాడు. నేను తొట్టి పట్టుకొని దాని ముందు నిలబడ్డాను. ఎప్పటిలాగే మెడ గోకాను. మాట మాత్రం మాట్లాడలేదు. చుక్క తవుడు తింటూ మధ్యలో ఆపి నా వైపు చూసింది. బాపు పొదుగు తడుముతున్నాడు, చన్నులు లాగుతున్నాడు. బకెట్‌లో చప్పుడు లేదు. బాపు కాసేపు ఆగాడు, మళ్లీ లాగాడు. చుక్క కాలు మార్చుకుంది.

"ఏమన్న మాట్లాడు బిడ్డా," అన్నాడు బర్రె పొట్టకు ఆన్చిన తల ఎత్తకుండానే.

నేను పెదవులు బిగించాను.

"మాట్లాడు. నువ్వు మాట్లాడకుంటె అది ఇయ్యది."

"నీకెరికెనా?" అన్నాను. ఆ ఒక్క మాటకే చుక్క చెవి తిప్పింది, బకెట్ అడుగున సన్నగా ధార మోగింది. "నీకు ఎప్పటిసంది ఎరికె బాపూ?"

"మొదట్ల్నే. నువ్వు నీళ్లకు వోయిన దినం చీర కట్టుకొని కూసున్న. ఒక్క సుక్క పాలు గూడ రాలే. నువ్వొచ్చి గేటుకాడ ఎవల్నో తిట్టినవు. అప్పుడు చేపింది."

"మరి ఈ చీరెందుకు? గల్లీల అందరు నవ్వుతుంటె ఎందుకు కట్టుకుంటున్నవు?"

పాలధారలు చాలాసేపు పడ్డాయి.

"బర్రెకు గాదు," అన్నాడు చివరికి. "మీ అమ్మ వోయినంక నాకు యాడ కూసున్నా కూసున్నట్టు లేదు. ఈడ కూసుంటె చీరల ఆమె వాసన ఉంటది. మీదికెల్లి నీ నోట ఆమె మాట ఇనవడ్తది. పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి. బర్రె కోసమంటె ఎవలు ఏమడుగుతరు?"

"మరి నా మొకం ఎందుకు జూడవు?" ఆర్నెల్లుగా అడగలేని మాట అది. "నేనేం జేసిన?"

"నువ్వేం జెయ్యలే." తల అటే తిప్పుకొని అన్నాడు. "జూస్తే నువ్వు కనవడ్తవు. అటు తిరిగితే ఆమె ఉంటది."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. జాలి కూడా వచ్చింది, కానీ కోపమే ముందు నోటికి వచ్చింది. తొట్టి కింద పడేశాను.

"అందరికి మా అమ్మ దొరికింది! బేగం ఖాలాకు దర్వాజ కాడ దొరికింది, ఈ బర్రెకు దొరికింది, నీకు గోడ దిక్కు దొరికింది. నాకే దొరకలే. నా గొంతులనే ఉన్నదట, నాకే ఇనవడదట. ఆమె వోయిన దినమే నువ్వు గూడ వోయినవు గద బాపూ! నేనెవరి కోసం మాట్లాడాలె? నేను మాణిక్యమ్మను గాదు. ఆండాలును. ఇటు తిరుగు!"

చుక్క బెదిరి పక్కకు జరిగింది. బాపు బకెట్ పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. తల మీది చెంగు జారి భుజాల మీద పడింది, సర్దుకోలేదు. చాలాసేపు గోడ వైపే నిలబడ్డాడు. లాగి తిప్పేద్దామా అనిపించింది, కానీ నేను కదల్లేదు. తిరగాల్సింది ఆయనే.

తిరిగాడు.

ముందు నా కాళ్ల వైపు చూశాడు. తర్వాత ముఖం వైపు. నుదురు, ముక్కు, గడ్డం, అన్నీ ఒక్కొక్కటి చూసుకుంటూ వచ్చాడు. కళ్ల నిండా నీళ్లున్నాయి గానీ ఈసారి మూసుకోలేదు.

"సన్నవడ్డవు," అన్నాడు. "పగటీలి తిన్నవా బిడ్డా?"

తిన్నానని చెబుదామనుకున్నాను. తినలేదని చెబుదామనుకున్నాను. ఏదైనా సరే, ఒక మాట అనాలని నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు.

బాపు అట్లాగే నిలబడి, నేను మాట్లాడకపోయినా, నన్నే చూస్తూ ఉన్నాడు.